సందు చూసి ఇల్లు చూడాలి

నగరంలోని చిన్న పేటలో అద్దె కట్టేది గదులకే అయినా, రోజంతా వాడేది వీధిని. గదులు ఎలా ఉన్నాయో ఎవరైనా పది నిమిషాల్లో చూసుకోగలరు. ఒకే పేటలో, ఒకే కొలతల రెండు ఇళ్లలో ఒకటి హాయిగా, రెండోది ప్రాణం మీదికి వచ్చేలా ఎందుకుంటుందో తేల్చేవి వేరు: సందులో ఇల్లు ఎక్కడుంది, ఎన్నో అంతస్తు, వెనకవైపు ఏముంది. చాలాకాలం ఉన్నాక మిగిలే అభిప్రాయాలన్నీ దాదాపు ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి.

చిన్న పేట అంటే ఈ చివర నుంచి ఆ చివరికి పది నిమిషాల నడక అనుకుందాం. నిమిషానికి 80 మీటర్ల చొప్పున 800 మీటర్లు. 1929లో న్యూయార్క్ ప్రాంత ప్రణాళిక కోసం అమెరికా ప్రణాళికకర్త క్లారెన్స్ పెర్రీ ప్రతిపాదించిన నమూనా పేట కూడా ఇంచుమించు ఇంతే: 160 ఎకరాలు, నడుమ బడి, అంచుల్లో పెద్ద రోడ్లు, ఆ రోడ్లు కలిసే మూలల్లో దుకాణాలు. ఎవరూ గీత గీయకుండా పెరిగిన పాత పేటలు కూడా చాలావరకు ఈ తీరుకే వస్తాయి. అంచున ఉంటే బస్సు, మందులషాపు చెప్పులు వేసుకునేలోపే అందుతాయి, చప్పుడు కూడా అంతే త్వరగా అందుతుంది. లోపలికి వెళ్లేకొద్దీ నిశ్శబ్దం పెరుగుతుంది, బరువులు మోసుకెళ్లాల్సిన దూరమూ పెరుగుతుంది.

ముందుగా చప్పుడు సంగతి, ఎందుకంటే పేట వదిలి వెళ్లేవాళ్లు తరచూ చెప్పే కారణం అదే. ఆరుబయట ఒకచోట పుట్టిన శబ్దం దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఇరుకు సందులో అంత తగ్గదు. ఎదురెదురు గోడల మధ్య తగిలి తగిలి సందు పొడవునా పాకుతుంది. మలుపులో ఎత్తిన షట్టరు పదో ఇంట్లోనూ నిద్ర లేపేది అందుకే. రాత్రిపూట ఇంటి బయట ఏడాది సగటు 40 డెసిబెల్స్ దాటకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2009లో చెప్పింది. వీధి వైపు పడకగదికి ఆ అంకె దాదాపు అందని పండే. వెనకవైపు గదికి మాత్రం ఆశ ఉంటుంది.

ఓరగా తెరిచిన కిటికీ ఆపేది 10 నుంచి 15 డెసిబెల్స్ మాత్రమే. పూర్తిగా మూసినా, కిటికీ వైశాల్యంలో నూటికి ఒక వంతు ఖాళీ మిగిలిందంటే, ఎంత మందం అద్దం వేసినా మొత్తం మీద 20 డెసిబెల్స్‌కు మించి ఆగదు. కాబట్టి డబ్బు అద్దం మీద పెట్టే ముందు చట్రం చుట్టూ రబ్బరు పట్టీ అతికించి చూడండి. చాలా ఇళ్లలో దాంతోనే సగం బాధ తీరుతుంది. మందపాటి కర్టెన్లు గదిలోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తాయే గానీ బయటి చప్పుడును పెద్దగా ఆపవు. అమ్మేవాళ్లు ఏం చెప్పినా సరే. కింది దుకాణం ఫ్రిజ్ మోటారు, పక్కింటి స్పీకరు లాంటి దిగువ స్వరాల మోత వేరే రకం. అది గోడలు, పిల్లర్ల గుండా వస్తుంది, కిటికీ ఎంత బిగించినా లాభం లేదు. యంత్రం కింద రబ్బరు దిమ్మలు పెట్టించడమే మందు, అంటే ఆ యంత్రం యజమానితో మాట్లాడాలి. ఇల్లు ఖాయం చేసుకునే ముందు మూడు వేళల్లో వెళ్లి నిలబడాలి: తెల్లవారుజామున చెత్తబండి వచ్చేటప్పుడు, సాయంత్రం అందరూ ఇళ్లకు చేరేటప్పుడు, వారాంతం రాత్రి పదకొండుకు. ఫోన్‌లోని శబ్దం కొలిచే యాప్ కచ్చితమైన అంకె చెప్పలేదు గానీ, రెండు ఇళ్లను పోల్చుకోవడానికి పనికొస్తుంది.

వెలుతురుకు లెక్క సులువు. 6 మీటర్ల సందు, ఎదురుగా 12 మీటర్ల మేడ అనుకోండి. నేల అంతస్తు కిటికీలోకి ఎదురు నుంచి ఎండ రావాలంటే సూర్యుడు సుమారు 60 డిగ్రీలు పైకెక్కాలి. అదే కిటికీ 9 మీటర్ల ఎత్తులో ఉంటే 27 డిగ్రీలు చాలు. రెండు అంతస్తులు పైకి వెళితే పగటి దీపం ఖర్చు, చెమ్మ వాసన రెండూ తగ్గుతాయి. వేసవిలో ఇరుకు సందు పగలు చాలాసేపు చల్లగానే ఉంటుంది. పొద్దు గుంకాకే దాని అసలు గుణం బయటపడుతుంది. గోడలు పగలంతా పట్టిన వేడిని వదలాలంటే పైన ఆకాశం కనిపించాలి, సందులో కనిపించేది సన్నటి పట్టీ. గాలి ఆడాలంటే ఇంటికి రెండు వైపులా కిటికీలు ఉండాలి. వెనక కిటికీ సన్నటి షాఫ్టులోకి (మేడ మధ్య వదిలిన నిలువు ఖాళీలోకి) తెరుచుకుంటుంటే అది పేరుకే కిటికీ. కింది వంటింటి పొగ పైకి తేవడానికి తప్ప పెద్దగా ఉపయోగపడదు.

నీళ్ల దగ్గర పాత పేటలు బాగా దొరికిపోతాయి. నీళ్లు 10 మీటర్ల ఎత్తు ఎక్కితే ఒక బార్ (ఇంచుమించు వాతావరణ పీడనమంత) ఒత్తిడి పోతుంది. పైగా ఉదయం ఏడూ ఎనిమిది మధ్య వీధంతా కుళాయిలు తిప్పుతుంది. మేడ మీద ట్యాంకు లేని ఇల్లయితే ఆ వేళలోనే పరీక్ష చేయాలి. లీటరు సీసా 10 సెకన్లలో నిండితే నిమిషానికి 6 లీటర్లు, ఫరవాలేదు. 20 సెకన్లు పట్టిందంటే షవర్ ఆశ వదులుకోవచ్చు. తర్వాత ఒక కుళాయి వదిలి ఉంచి రెండోది తిప్పండి. మొదటిది ఒక్కసారిగా సన్నబడితే తరచూ తప్పు ఇంటి గొట్టాలదే అవుతుంది. పాత జి.ఐ. (జింకు పూత పూసిన ఇనుప) పైపుల్లో తుప్పు పేరుకుని దారి పూడుకుపోతుంది. పొద్దున మొదట వచ్చే నీళ్లు ఎర్రగా ఉండి కాసేపటికి తేటపడితే అదీ ఇంటి పైపుల తుప్పే. ఎంతసేపు వదిలినా తేటపడకపోతే వీధి లైన్‌లో మడ్డి కదిలిందని అనుమానించాలి. సందు మూసుకుపోయే చివర ఇది ఎక్కువ. అక్కడ లైన్ కూడా ఆగిపోతుంది కాబట్టి నీళ్లు కదలక మడ్డి పేరుకుంటుంది.

మురుగు వాసనకు అన్నిటికన్నా ముందు చూడాల్సింది బాత్రూం నేల జాలీ కింద ఉండే ట్రాప్, అంటే నీళ్లు నిలిచే వంపు. అందులో 50 మి.మీ. లోతు నీళ్లుంటేనే గ్యాస్ పైకి రాదు. వాడని బాత్రూంలో కొన్ని వారాలకు ఆ నీళ్లు ఆరిపోతాయి. వారానికి ఒక మగ్గు నీళ్లు పోస్తే చాలు. ఊరెళ్లేటప్పుడు పైన నాలుగు చుక్కల వంటనూనె వేస్తే ఆరడం ఇంకా నెమ్మదిస్తుంది. పైవాళ్లు ఫ్లష్ చేసినప్పుడు మీ ట్రాప్ గుడగుడలాడుతుంటే గాలిగొట్టం పూడుకుందనో, అసలు లేదనో అర్థం. అది ఓనరు చేయించాల్సిన పని, యాసిడ్ పోసి లాభం లేదు. నేల అంతస్తుకు ఇంకో గండం ఉంది: వాన నీళ్లు, మురుగు ఒకే లైన్‌లో పోయే వీధుల్లో కుంభవృష్టి కురిస్తే ఉల్టా ప్రవాహం ముందుగా అక్కడి జాలీ గుండానే తంతుంది. ఒకవైపే తెరుచుకునే వాల్వు బిగించుకోవచ్చు గానీ, దాని రెప్పలో వెంట్రుకలు, తుడుపు కాగితాలు ఇరుక్కుంటే మూసుకోదు. వానాకాలం ముందు విప్పి కడగాల్సిందే. చూడ్డానికి వెళ్లినప్పుడు నేల అంతస్తు గోడల మీద పాత నీటి గీత ఉందేమో గమనించండి. కొత్త సున్నం మోకాలి ఎత్తు దాకానే వేసి ఉంటే అది ఇంకా పెద్ద ఆధారం.

వైఫై గురించి ఒక్క మాట. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానితో ఒకటి తగలని చానెళ్లు మామూలుగా మూడే: 1, 6, 11. చుట్టూ ముప్పై రౌటర్లు ఉంటే అది సంతే. 5 గిగాహెర్ట్జ్‌కు మారితే పక్కింటి గోడలే మీకు కాపలా, ఎందుకంటే అది గోడలు దాటడంలో బలహీనం.

వాహనాల రాకపోకలకు మ్యాప్ యాప్‌లు కొత్త తలనొప్పి తెచ్చాయి. పెద్ద రోడ్డు బిగుసుకుంటే దారి తప్పించి సందులోకి తోలతాయి. వేగం ఎందుకు ముఖ్యమంటే, గంటకు 30 కిలోమీటర్ల మీద వచ్చే కారు, డ్రైవరు తేరుకునే ఒక సెకను కలిపి, పొడి రోడ్డు మీద సుమారు 13 మీటర్లలో ఆగుతుంది. 50 మీద అయితే 28 మీటర్లు కావాలి. గుమ్మం తెరిస్తే నేరుగా రోడ్డే ఉన్న సందులో ఈ తేడా పిల్లల ప్రాణం. పార్కింగ్ కన్నా నేను ముందు చూసేది ఫైరింజను దారి. బండి వెడల్పే దాదాపు 2.5 మీటర్లు, అది కదలాలంటే 3.5 మీటర్లయినా ఖాళీ ఉండాలి. బళ్లన్నీ వచ్చి ఆగి ఉండే రాత్రి పూట టేపు పట్టుకుని కొలవాలి, పగలు కొలిస్తే అబద్ధం వస్తుంది. మెట్ల కింద ఎలక్ట్రిక్ స్కూటర్లు చార్జింగ్ పెట్టే మేడలకు నా దగ్గర మార్కులు లేవు. బయటికి పోయే ఏకైక దారిలో లిథియం బ్యాటరీ అంటుకుంటే పైవాళ్లకు మరో దారి ఉండదు.

ఇక ఇరుగుపొరుగు. తాళం ఉంచేవాళ్లు, పార్సిల్ తీసుకునేవాళ్లు, ప్లంబర్ నంబరు చెప్పేవాళ్లు దొరుకుతారు. వీళ్లు స్నేహితులు కానక్కర్లేదు. ముఖపరిచయాల బలం గురించి అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో రాసినదాని సారం ఇలాంటి చోట రోజూ కనిపిస్తుంది: దగ్గరివాళ్లకు మీకు తెలిసిందే తెలుస్తుంది, కొత్త కబురు మాత్రం అంతంత పరిచయం ఉన్నవాళ్ల నుంచే వస్తుంది. బదులుగా మీ రాకపోకలు నలుగురికీ తెలుస్తాయి, దానికి విరుగుడు లేదు. తగవులు మాత్రం తప్పించుకోవచ్చు. అవి ఎక్కువగా పుట్టేది మెట్ల దీపం, మోటారు కరెంటు, ట్యాంకు కడిగించడం దగ్గర. ఖర్చు ఇంటికింతా, మనిషికింతా అన్నది చేరిన మొదటి వారంలోనే కాగితం మీద రాయించుకోవాలి. గోడకు డ్రిల్ వేసే ముందురోజు పక్కవాళ్లకు చెబితే ఏ గొడవా ఉండదు, చెప్పకపోతే రెండేళ్ల పాటు గుర్తుంచుకుంటారు.

ఇన్నీ కలిపి చూస్తే నేను ఎంచుకునేది మలుపు నుంచి మూడో నాలుగో ఇల్లు, రెండో అంతస్తు, పడకగది వెనక్కి, రెండు వైపులా కిటికీలు. అలాంటిది ఖాళీగా ఉంటే అద్దె కాస్త ఎక్కువైనా తీసుకోవచ్చు. అదే పేటలో దుకాణం మీది మొదటి అంతస్తు, సందు చివరి నేల అంతస్తు సగం అద్దెకు ఇచ్చినా వద్దు. పగలు నిద్రపోయే ఉద్యోగం ఉన్నవాళ్లకు, పెద్ద కారు వదల్లేనివాళ్లకు, మెట్లెక్కలేనివాళ్లకు ఏ అంతస్తూ సరిపడదు.