పూలా అరీనా తప్పక చూడండి, బస మాత్రం అడిగి తీసుకోండి

క్రొయేషియాలోని పూలాకి మేం వెళ్లింది అరీనా అనే రోమన్ల కాలపు యాంఫీథియేటర్ (చుట్టూ మెట్ల వరసలున్న ఆరుబయటి ప్రదర్శనశాల) కోసమే. దాన్ని చూసి కడుపు నిండిపోయింది. బస ఇచ్చినావిడ చేసిన పని తలచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ముందు ఆ సంగతే చెప్తాను.

"లిఫ్ట్ ఉంది, కిటికీలోంచి అరీనా కనిపిస్తుంది" అని రాసి ఉంటేనే రాత్రికి 110 యూరోలకు బుక్ చేశాం. మా అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. లిఫ్ట్ లేకపోతే ఆ ఇల్లు మాకు అక్కర్లేదు. రాజధాని జాగ్రెబ్ నుంచి బస్సులో (మనిషికి 22 యూరోలు) వచ్చి, సామాన్లతో ఆ ఇంటికి చేరితే లిఫ్ట్‌కి తాళం! "రిపేర్" అందావిడ. ఎప్పట్నుంచి అంటే జవాబు లేదు. ఏడాదిగా ఇంతేనని కింద ఇంటాయన చెప్పాడు. మా గది నాలుగో అంతస్తులో. అత్తయ్యగారు ప్రతి మలుపు దగ్గరా కూర్చుంటూ ఎక్కారు, ఒక్క మాట అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడమే మావారికి మరింత కోపం తెప్పించింది. అరీనా కనిపించే కిటికీ బాత్రూంలో ఉంది, అదీ తల బయటికి పెడితేనే. పైగా క్లీనింగ్‌కి 35 యూరోలు నగదుగా ఇస్తేనే ఇంటావిడ తాళాలు ఇచ్చింది. రసీదు అడిగితే ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే అరీనాకి వెళ్లాం. పెద్దలకు టికెట్ 10 యూరోలు, ఆ డబ్బుకి రెండింతలు ఇచ్చినా బాధపడను. రోమ్ కొలోసియంకి బయటి గోడ చాలావరకు పడిపోయింది. ఇక్కడ ఆ గోడ చుట్టూతా పూర్తిగా నిలిచి ఉంది. రోమన్ చక్రవర్తి అగస్టస్ కాలంలో మొదలైన ఈ కట్టడాన్ని 1వ శతాబ్దంలో వెస్పాసియన్ చక్రవర్తి పెద్దది చేయించాడు. పొడవు 132 మీటర్లు, వెడల్పు 105 మీటర్లు, అంతా అక్కడి సున్నపురాయే. కొండవాలు మీద కట్టడంతో సముద్రం వైపు మూడు అంతస్తులు, కొండ వైపు రెండే. కింది రెండు వరసల్లో 72 కమానులు, పైన 64 చదరపు కిటికీలు. నాలుగు వైపులా నాలుగు బురుజులున్నాయి, లోపల చెక్క మెట్లు, పైన నీటి తొట్లు ఉండేవట. ఆ నాలుగు బురుజులూ చెక్కుచెదరకుండా మిగిలిన రోమన్ యాంఫీథియేటర్ ఇదొక్కటే.

లోపల జనం కూర్చునే రాతి మెట్లు మాత్రం చాలావరకు పోయాయి. ఆ రాళ్లను తరతరాలుగా ఊళ్లో వేరే కట్టడాలకు పట్టుకుపోయారు. 1583లో, అప్పట్లో పూలాని ఏలుతున్న వెనిస్ సెనేట్ మొత్తం అరీనానే విప్పి తమ ఊరికి తరలించాలని చూసింది. గాబ్రియేలె ఎమో అనే సెనేటర్ అడ్డుపడ్డాడు. ఆయనకు కృతజ్ఞత చెప్పే శిలాఫలకం ఒక బురుజు మీద ఉంది, వెతికి మరీ చూడండి. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. వెనిస్ వాడై ఉండీ వెనిస్‌కి ఎదురు నిలబడటం చిన్న విషయం కాదు.

నేల కింద సొరంగంలో ఇప్పుడు రోమన్ల నాటి ఆలివ్ నూనె యంత్రాలు, జాడీలు పెట్టారు. "మన ఊరి గానుగలాగే ఉందే!" అని అత్తయ్యగారు నిన్నటి నొప్పి మరిచి ఆ రాతి చక్రాల చుట్టూ తిరిగారు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ చల్లదనం వరమే.

ఊళ్లో అగస్టస్ గుడి, సెర్జీ తోరణం నడిచే చూడొచ్చు. శాకాహారులకు ట్రఫుల్‌తో (నేల కింద పెరిగే ఒక రకం పుట్టగొడుగు) చేసే ఫూజి అనే ఇక్కడి పాస్తా బాగుంటుంది, మేం తిన్నచోట 16 యూరోలు. మాంసం రసం వేయొద్దని ముందే చెప్పండి. జూలైలో ఫిల్మ్ ఫెస్టివల్ కోసం అరీనాలో తెర, కుర్చీలు వేస్తారు. కట్టడాన్ని ప్రశాంతంగా చూడాలంటే మేలో గానీ సెప్టెంబర్‌లో గానీ వెళ్లండి.

బుకింగ్ సైటుకి ఫోటోలు పంపితే 35 యూరోలు తిరిగొచ్చాయి. లిఫ్ట్ గురించి మాత్రం ఇంతవరకు ఏ జవాబూ లేదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు లిఫ్ట్ ఈరోజు పనిచేస్తోందా అని అడిగి, జవాబు మెసేజ్‌లో రాయించుకున్నాకే డబ్బు కట్టండి.