పాత చీరలు కుర్తీలకి ఇస్తున్నారా? మిగిలిన గుడ్డ జాగ్రత్త

నా చీరను నాకే 1,200 రూపాయలకి అమ్మారు. నిన్న సాయంత్రం జరిగింది. రాత్రంతా ఏడుపు, ఈ రోజంతా కోపం. రేపటికి ‘పోనీలే’ అనిపించేస్తుందేమోనని ఇప్పుడే కూర్చుని రాసేస్తున్నాను.

షాపు పేరు రాయడం లేదు. కంప్లెయింట్ ఇచ్చాను, అది తేలేదాకా పేరెత్తొద్దని మా తమ్ముడు గట్టిగా చెప్పాడు. మన వైజాగ్‌లో ఆఫీసులకెళ్లే ఆడవాళ్లు చాలామంది మెట్లెక్కిన బొటిక్కే. ఆరేళ్లుగా నా బ్లౌజులన్నీ అక్కడే. ఆవిణ్ని ‘అక్కా’ అని పిలిచేదాన్ని, ఆవిడ నన్ను ‘చెల్లీ’ అనేది. ఈ మాట ఎందుకు చెబుతున్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

మాది సిరిపురంలో చిన్న ఫైనాన్స్ ఆఫీసు. నేను చేరి పదకొండేళ్లు. చేరిన రోజు నుంచీ ఆడవాళ్లకి చీర, మగవాళ్లకి ఫుల్ హ్యాండ్స్ చొక్కా, టక్, బూట్లు. ఈమధ్యే కొత్త మేనేజర్ వచ్చి రూల్ సడలించారు. నీట్‌గా ఉంటే చాలు, ఏవైనా వేసుకోవచ్చు, జీన్స్ మాత్రం శనివారమే అని మెయిల్ పెట్టారు. ఆ రోజు లంచ్‌లో మా ఆడవాళ్ల సంబరం చూడాలి. సముద్రం పక్క ఉక్కలో, ఒక చేత్తో కుచ్చిళ్లు, ఇంకో చేత్తో బ్యాగు పట్టుకుని బస్సులెక్కిన వాళ్లకే ఆ సంబరం అర్థమవుతుంది.

తీరా బీరువా తీస్తే అన్నీ చీరలే. కుర్తీలు మూడే ఉన్నాయి, అవీ ఇంట్లో వేసుకుని వెలిసిపోయినవి. వారానికి సరిపడా మంచివి కొనాలంటే పదివేలకి తక్కువ కాదు. ఉన్న కాటన్ చీరలనే కుర్తీలుగా కుట్టించుకుందాం అనుకున్నాను. ఆలోచన తప్పు కాదని ఇప్పటికీ అంటాను. ఏళ్ల తరబడి ఉతికిన చేనేత గుడ్డ ఎంత మెత్తగా ఉంటుందో తెలిసిందే. ఇక కుంచించుకుపోయేది ఉండదు, రంగు దిగేది ఉంటే ఎప్పుడో దిగిపోయి ఉంటుంది. కొత్త గుడ్డతో ఉండే భయాలేవీ దాంతో లేవు.

నాలుగు చీరలు తీశాను. ఒక పొందూరు ఖద్దరు, ఒక వెంకటగిరి, ఒక పోచంపల్లి, ఒక మంగళగిరి. మావిడాకు పచ్చ రంగు మంగళగిరి చీర అది, అడుగున నిజాం బోర్డరు. ఉద్యోగంలో చేరే రోజు కట్టుకోమని అమ్మ కొనిచ్చింది.

లెక్క చూడండి. చీర ఐదున్నర మీటర్లు. మోకాళ్ల కిందిదాకా స్ట్రెయిట్ కుర్తీ, ముప్పావు చేతులు అయితే రెండున్నర మీటర్లు సరిపోతుంది. అంటే ఒక్కో చీరకి రెండు కుర్తీలు రావాలి. నేనూ అదే అడిగాను. ఆవిడ చీర విప్పి, లైటు దగ్గర పెట్టి చూసి, “రెండు రావు చెల్లీ, మడతల దగ్గర చివికిపోయింది, అక్కడ వదిలేసి కట్ చెయ్యాలి. ఒక్కటే వస్తుంది” అంది. నేను నమ్మాను. ఇంట్లో పరుచుకుని చూసి ఇచ్చిన చీరలవి, చివుకు ఎక్కడా లేదని నా కళ్లకి తెలుసు. అయినా ఆవిడ మాటే నమ్మాను. ఆరేళ్ల పరిచయం మరి. నా మీద నాకు కోపం వచ్చేది ఇక్కడే.

కుర్తీకి కుట్టుకూలి 750, కాటన్ లైనింగ్ 200. నాలుగింటికి 3,800. అడ్వాన్స్ 2,000 ఇచ్చాను. బిల్లు అడగలేదు, ఒక చిన్న స్లిప్ మీద ‘4 కుర్తీస్’ అని రాసిచ్చింది. పది రోజులన్నది, ఇరవై నాలుగు రోజులకి ఇచ్చింది. రెండు చంక కింద పట్టేశాయి. లోపల అర అంగుళం కూడా గుడ్డ వదల్లేదు కాబట్టి విప్పి వదులు చేసుకునే దారి లేదు. సరే, దాని గురించి ఎక్కువ రాయను, అది అన్నిచోట్లా ఉండేదే.

మిగిలిన గుడ్డ ఏదక్కా అని అడిగాను. “ముక్కలు ముక్కలుగా పోయింది చెల్లీ, చెత్తలో పోశారు మా వాళ్లు” అంది. కొంగులు కూడానా అన్నాను. “ఆఁ” అంది, తలెత్తకుండానే. బ్యాలెన్స్ కట్టేసి వచ్చేశాను.

నిన్న ఆ టైట్ కుర్తీలు రెండూ పట్టుకుని, ఏమైనా చెయ్యగలరేమో అడుగుదామని వెళ్లాను. గుమ్మం పక్కన రాడ్‌కి పిల్లల ఫ్రాకులు వేలాడదీసి ఉంటాయి. వాటిలో ఒక పచ్చ ఫ్రాక్, అడుగున జరీ అంచు. నాలుగేళ్ల పిల్లకి సరిపోతుంది. ట్యాగ్ మీద 1,450. చూడగానే గుండె ఒక్కసారి ఆగింది. మంగళగిరి పచ్చ ఊరంతా ఉంటుంది, అన్నీ నీవే అనుకుంటే ఎలా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఊరికే చేత్తో పట్టుకుని వెనక్కి తిప్పాను.

వెనక జిప్పు పక్కన, ఎడమవైపు, రఫ్ ఉంది.

చిటికెన వేలి గోరంత ఉంటుంది. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే బస్సు సీటు మేకు పట్టుకుని కొంగు దగ్గర చిరిగింది ఆ చీర. నేను ఏడుస్తుంటే అమ్మ ఆ రాత్రే దీపం ముందు కూర్చున్నట్టు బల్బు కింద కూర్చుని చేత్తో రఫ్ వేసింది. ఇంట్లో ఆ పచ్చ దారం లేదు, చిలకపచ్చ ఉంది. దాంతోనే వేసింది. నిలువు పోగులు ఏడు, అడ్డం పోగులు ఎన్నో లెక్కపెట్టలేనంత దగ్గర దగ్గరగా. దూరానికి కనిపించదు. చేత్తో తడిమితే మాత్రం కొద్దిగా ఉబ్బెత్తుగా తగులుతుంది. పదకొండేళ్లు చీర కట్టిన ప్రతిసారీ పైట సర్దుకుంటూ నా వేలికి తగిలిన చోటు అది. నిన్న ఆ షాపు గుమ్మంలో, ఎవరో పిల్లకి అమ్మడానికి పెట్టిన ఫ్రాక్ మీద మళ్లీ నా వేలికి తగిలింది.

ఫ్రాక్ తీసుకుని కౌంటర్ దగ్గరకి వెళ్లాను. “అక్కా, ఇది నా చీర” అన్నాను. గొంతు సరిగ్గా రాలేదు. అప్పుడు షాపులో నలుగురు కస్టమర్లున్నారు. ఆవిడ వాళ్లవైపు చూసి, తర్వాత నావైపు చూసి, “ఏటి మేడమ్, ఏటి మీ ప్రాబ్లం?” అంది.

మేడమ్. ఆరేళ్ల తర్వాత మొదటిసారి.

రఫ్ చూపించాను. ఫోన్‌లో మా గృహప్రవేశం ఫొటో తీసి అదే పచ్చ, అదే అంచు చూపించాను. “ఇలాంటివి వంద చీరలుంటాయి మేడమ్, మీ పేరు రాసి ఉందా దీని మీద?” అంది. లోపల మిషన్ మీద ఉన్న మాస్టర్ తల వంచుకుని కుడుతూనే ఉన్నాడు, అతనికి తెలుసు. చెత్తలో పోశామన్నారు కదా అని నేను గట్టిగా అనేసరికి ఆవిడ స్వరం మారింది. వెనక గోడ మీద కాగితం చూపించింది. ‘మిగిలిన గుడ్డకు మేము బాధ్యులం కాము’ అని ఉంది. “చదువుకున్నవాళ్లు, చూసుకోవాలి కదా. కట్టి కట్టి పాతబడిన చీర ముక్కకి నలుగురిలో ఇంత గొడవా? అంత కావాలంటే కొనుక్కోండి, మీకని 1,200కి ఇస్తాను” అంది.

ఆ మాట అన్నప్పుడు ఆవిడ ముఖంలో ఏమీ లేదు. కోపమైనా ఉంటే బాగుండేది. పక్కనున్న పెద్దావిడ ఒకామె “పోనీ ఇచ్చెయ్యమ్మా, గుర్తుపట్టింది కదా” అంటే, “బిజినెస్ అండీ ఇది” అని ఆవిణ్నీ కసిరింది.

నేను బయటికి వచ్చేశాను. మెట్లు దిగి, స్కూటీ దగ్గర నిలబడి, తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు లాయరు. “అక్కా, వెనక్కెళ్లి అది కొను. బిల్లు రాయించుకో. రేపు అది అక్కడ ఉండదు” అన్నాడు. నా చీరకి నేను డబ్బు కట్టడమేమిటని వాడిమీద కూడా అరిచాను. చివరికి వాడి మాటే విన్నాను. మళ్లీ మెట్లెక్కి 1,200 ఇచ్చి ‘గ్రీన్ మంగళగిరి కాటన్ ఫ్రాక్’ అని బిల్లు మీద రాయించాను. ఆవిడ తాపీగా రాసింది. మిగతా మూడు చీరల గుడ్డ ఏమైందని అడిగితే జవాబే లేదు.

రాత్రి ఇంకో సంగతి బయటపడింది. ఒక కుర్తీ ఆఫీసుకి వేసుకెళ్లిన రోజు మధ్యాహ్నానికల్లా వీపుకి అంటుకుపోయింది. పై గుడ్డ అంత మంచి ఖద్దరైతే ఇదేమిటని అనుమానం. లైనింగ్ నుంచి నాలుగు పోగులు లాగి అగ్గిపుల్లతో కాల్చాను. కాటన్ అయితే కాగితం కాలిన వాసన వచ్చి, బూడిదై చేతిలో నలిగిపోవాలి. ఇది కరిగి, ముడుచుకుపోయి నల్లటి గట్టి పూసైపోయింది. పాలిస్టర్. కాటన్ అని 200 చొప్పున తీసుకున్నది దానికి. మన ఊళ్లో ఏడాదిలో సగం రోజులు చెమటే. కాటన్ కుర్తీ లోపల పాలిస్టర్ పెడితే ఇంకా కాటన్ ఎందుకు?

పొద్దున జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. కంప్లెయింట్ నంబర్ ఇచ్చారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతేనట. సేవకి మనం కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వెయ్యడానికి ఫీజు లేదు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతిలో కూడా వెయ్యొచ్చు. నమ్మి అప్పగించిన వస్తువుని సొంతానికి వాడుకోవడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 316 కిందికి వస్తుందని తమ్ముడు అంటున్నాడు. గోడ మీద వాళ్లు రాసుకున్న కాగితం చట్టాన్ని మార్చలేదన్నాడు. ముందు నోటీసు పంపిస్తాం, తర్వాత చూడాలి.

మీ ఆఫీసుల్లో కూడా రూల్స్ మారుతున్నాయి కదా, చాలామంది ఇదే పని చేస్తారు కాబట్టి చెబుతున్నాను. చీర ఇచ్చేటప్పుడు వాళ్ల ముందే టేప్ పెట్టి కొలిపించి, ఎన్ని మీటర్లు ఇచ్చారో, ఎంత తిరిగి రావాలో స్లిప్ మీద రాయించండి, కొంగుతో సహా. ఫొటో తీసుకోండి. లైనింగ్ మీరే వన్ టౌన్ గుడ్డల షాపుల్లో కొని, ఒకసారి తడిపి ఆరబెట్టి ఇవ్వండి. మొదట మనసుకి దగ్గర కాని చీర ఒక్కటి ఇచ్చి చూడండి. నేను నాలుగూ ఒకేసారి ఇచ్చాను, అందులో అమ్మ చీర కూడా ఇచ్చాను. ఆ షాపులో ఎవరైనా చీరలు ఇచ్చి ఉంటే ఒకసారి వెళ్లి గుమ్మం పక్కన రాడ్ చూసుకోండి. మీవి కూడా ఉండొచ్చు. ఉంటే ఫొటో, బిల్లు రెండూ తీసుకోండి.

అమ్మ ఆదివారం విజయనగరం నుంచి వస్తోంది. మా బాబు కోసం పాత చీరలతో బొంత కుడుతోంది. పొద్దున ఫోన్‌లో “ఆ పచ్చ చీర ముక్కలు ఏటి చేశావే? పారెయ్యకు, మధ్యలో అదే వేస్తాను” అంది. ఉన్నాయమ్మా అన్నాను. ఇందాక ఫ్రాక్ మీద టేప్ పెట్టి చూశాను. విప్పితే మూరెడు ముక్కలు మూడో నాలుగో వస్తాయి. రఫ్ ఉన్న ముక్క మాత్రం చెక్కుచెదరకుండా వస్తుంది. కానీ కేసు తేలేదాకా ఒక్క కుట్టు కూడా విప్పొద్దన్నాడు తమ్ముడు. ఆదివారం దాన్ని అలాగే అమ్మ చేతికి ఇస్తాను.