మోకాలి ఆపరేషన్‌లో కాలు పూర్తిగా నిటారు చేయాలా, కాస్త వంపు ఉంచాలా: ఏది మేలు?

అమ్మ చెప్పులు ఎప్పుడు చూసినా మడమ దగ్గర బయటి అంచే అరిగి ఉండేవి. పాదాలు కలిపి నిలబడితే మోకాళ్ళ మధ్య చెంబు పట్టేంత సందు. దొడ్డికాళ్ళంటామే, అవి. ఆపరేషన్ ఖాయమయ్యాక ఆమె అడిగింది ఒకటే: "కాళ్ళు తిన్నగా అవుతాయా?" ఎంత తిన్నగా అన్న దగ్గరే సర్జన్లు రెండు పక్షాలని నాకు తర్వాత తెలిసింది.

ముందు ఒక మాట. చిప్ప మార్పిడి అని అలవాటుగా అంటాం కానీ అసలు పని చిప్ప మీద కాదు. తొడ ఎముక కింది చివర, కాలి ఎముక పై చివర పలచగా కోసి లోహపు భాగాలు అమర్చి, మధ్యలో ప్లాస్టిక్ ముక్క పెడతారు. కోత ఏ కోణంలో పడితే కాలు ఆ కోణంలో నిలుస్తుంది.

పాత పద్ధతి మెకానికల్ అలైన్‌మెంట్. మనిషిని నిలబెట్టి తుంటి నుంచి చీలమండ దాకా పొడవాటి ఎక్స్‌రే తీస్తారు. తుంటి బంతి మధ్య నుంచి చీలమండ మధ్యకు గీత గీస్తే అది మోకాలి నడిమధ్యగా పోవాలి. అమ్మ ఫిల్మ్‌లో ఆ గీత మోకాలినే తాకలేదు, లోపలివైపు ఖాళీలోంచి పోయింది. బరువంతా ఆ పక్కే పడి గుజ్జు అరిగింది, అరిగిన కొద్దీ వంకర పెరిగింది. కాలిని నిటారుకు 3 డిగ్రీల లోపు తెస్తే బరువు రెండు పక్కలా పంచుకుంటుందని, అమర్చినవి త్వరగా వదులు కావని ఈ పక్షం వాదన. ఇబ్బంది ఎక్కడంటే, ఏళ్ళ తరబడి వంగిన కాలిలో లోపలి పక్క లిగమెంట్లు, అంటే ఎముకను ఎముకకు కట్టి ఉంచే గట్టి పట్టీలు, కురచబడతాయి. నిటారు చేయాలంటే వాటిని ఎముక నుంచి కొంత వదులు చేయాలి. తక్కువైతే బిగుతు, ఎక్కువైతే మోకాలు ఊగుతుంది.

కైనమాటిక్ అలైన్‌మెంట్ వాళ్ళు అరగక ముందు కాలు ఎలా ఉండేదో లెక్కగట్టి ఆ వంపే తిరిగి తెస్తారు. ఇది వింత ఆలోచనేం కాదు. 2012లో వచ్చిన బెల్జియం అధ్యయనంలో, మోకాళ్ళకు ఏ జబ్బూ లేని యువతీయువకుల్లోనే మగవాళ్ళు 32 శాతం, ఆడవాళ్ళు 17 శాతం మందికి 3 డిగ్రీలు, అంతకు మించి దొడ్డి వంపు ఉందని తేలింది. వాళ్ళకు నిటారు కాలు పరాయి కాలే. పైగా లిగమెంట్ల జోలికి పెద్దగా పోనక్కర్లేదు. అమెరికాలో 398 మోకాళ్ళను 15 ఏళ్ళ దాకా లెక్కగట్టి 2010లో ప్రచురించిన పరిశీలనలోనూ, ఆ 3 డిగ్రీల హద్దు లోపలున్నవి ఎక్కువ కాలం నిలిచాయని తేలలేదు. అలాగని హద్దు లేదని కాదు. కాలి ఎముక మీద అమర్చిన లోహపు భాగం మరీ లోపలికి వాలితే వదులైపోయే ప్రమాదం ఉంది.

నా మటుకు, వంకర మితంగా ఉంటే హద్దు పెట్టుకుని రెండు మూడు డిగ్రీలు ఉంచేయడమే మేలు. వంకర బాగా ముదిరి, మోకాలి లోపలి పక్క ఎముక కూడా అరిగి గుంట పడితే నిటారు పక్షమే నయం. అప్పుడు గుంట నింపే ముక్కలు, పొడవు కాడ ఉన్న ఇంప్లాంట్లు కావాల్సి రావచ్చు, ఖర్చూ పెరుగుతుంది. అందుకే "ఇంకో నాలుగేళ్ళు చూద్దాం" అంటూ పోతే ఎంచుకునే వీలే పోతుంది. పాత ఫ్రాక్చర్ వంకరగా అతికి తొడ ఎముకే వంగి ఉంటే అది వేరే కథ.

మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకునే వంకరలో అంతా తిరగబడుతుంది. బిగిసేది బయటి పక్క. బాగా వంగిన కాలిని ఒక్కసారిగా సరిచేస్తే అటు పక్క నరం సాగి పాదం పైకి లేవకపోయే ముప్పు ఉంది. ఆపరేషన్‌కు ముందే దీని గురించి డాక్టర్‌ని అడగాలి.

రోబో సంగతి అందరూ అడుగుతారు. అది చెప్పిన కోణంలో కచ్చితంగా కోయడానికి సాయపడుతుంది. ఏ కోణం అన్నది నిర్ణయించేది డాక్టరే.

అమ్మ కుడి కాలికి రెండు డిగ్రీల వంపు ఉంచారు. నొప్పి తగ్గింది. ఎడమ కాలు ఇంకా పాత వంకరే కాబట్టి కుడిది పొడుగైనట్టుందని, ఎడమ చెప్పులో అట్టముక్క మడిచి పెట్టుకుని తిరుగుతోంది.