మా ఊరి వాట్సాప్ గ్రూపు: ఏళ్ల వాడకం తర్వాత నా మాట

మాది గద్వాల వైపు. ఊరి గ్రూపులో మొదటినుంచీ ఉన్నాను. యూరియా లారీ వచ్చిందన్నా, కరెంటు తీస్తున్నారన్నా, ఎవరికైనా రక్తం కావాలన్నా ముందు తెలిసేది ఇందులోనే. ఆ పనికి దీన్ని మించింది లేదు. రాజకీయాల దగ్గరే పేచీ.

2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని ఫార్వర్డులు వచ్చినప్పుడు ఊళ్లకు ఊళ్లే కర్రలు పట్టుకుని కాపలా కాశాయి. తెలుగు రాష్ట్రాల్లో ఆ అనుమానానికి అమాయకులు బలయ్యారు. మా జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊరూరికీ పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి అదంతా అబద్ధమని చెప్పించారు. ఫోన్లో వచ్చిన భయం మనుషులు ఎదురుగా నిలబడి చెబితేనే తగ్గింది.

అదే ఏడాది జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజీని ఐదు చాట్లకు మించి ఒకేసారి పంపకుండా కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్ నుంచి, బాగా తిరిగిన మెసేజీ అయితే ఒకసారికి ఒక్క చాట్‌కే వెళ్తుంది. దానిమీద కనిపించే జంట బాణాలు నాకు బాగా పనికొస్తాయి, చూడగానే వేలు ఆగుతుంది. కానీ మాటల్ని కాపీ చేసి కొత్తగా పెడితే ఆ గుర్తు ఉండదు. అయినా పంపింది సొంత పెదనాన్న అయితే బాణాలు ఎవరు చూస్తారు?

2023 అసెంబ్లీ ఎన్నికలప్పుడు రైతుల మీద లాఠీఛార్జి వీడియో ఒకటి 'మన జిల్లాలోనే' అంటూ వచ్చింది. డిగ్రీ చదివే పిల్లాడొకడు 'అన్నా, వెనక దుకాణాల బోర్డులన్నీ హిందీలో ఉన్నాయి చూడు' అని పెట్టాడు. బోర్డుల సంగతి ఒక్కరూ ఎత్తలేదు. 'నువ్వు ఏ పార్టీ రా?' అని వరసగా వచ్చిపడ్డాయి. వాడన్నది నిజమేనని నాకు విడిగా మెసేజీ పెట్టినవాళ్లు కూడా గ్రూపులో నోరు విప్పలేదు. ఆ తర్వాత వాడు గ్రూపులో ఏమీ రాయలేదు. అలాంటివాళ్లు తగ్గేకొద్దీ, గట్టిగా అరిచే నలుగురి మాటే ఊరి మాట అనిపిస్తుంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

గొడవ ముదిరాక అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా గ్రూపుకు తాళం వేశారు. తిట్లు ఆగాయి. వాటితోపాటే 'మా వీధి లైటు వెలగట్లేదు' అని అడిగే దారీ పోయింది.

ఊరి కబురుకు ఐదుకు నాలుగు మార్కులు. ఓటు ఎవరికన్నది తేల్చుకోవడానికి ఒకటే. కొత్తగా గ్రూపు పెట్టేవాళ్లు వేర్వేరు పార్టీలవాళ్లను అడ్మిన్లుగా పెట్టండి, అందులో ఆడవాళ్లు కూడా ఉండేలా చూడండి.