మిడతలకు మందు కొట్టాలా, బూజు పట్టించాలా: ఏది మేలు?

చేలో మిడతలు పడ్డాక రైతు అడిగేది ఒకటే: ఎప్పటికి చస్తాయి? ఆ లెక్కన ఫెనిట్రోథియాన్, మలాథియాన్ లాంటి మందులదే పైచేయి, గంటల్లో రాలిపోతాయి. మెటారైజియం అక్రిడం అనే శిలీంధ్రానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. రెక్కలొచ్చిన దండు పంట మీద వాలిన రోజున బూజు చల్లమని నేనెవరికీ చెప్పను.

అదే దండు ఇంకా రెక్కలు రాని పిల్లలుగా బీళ్లలో గెంతుతున్నప్పుడైతే నా ఓటు బూజుకే. ఆఫ్రికాను మిడతలు ఊడ్చేశాక 1989లో మొదలైన లుబిలోసా పరిశోధన దీన్ని ‘గ్రీన్ మజిల్’ పేరుతో వాడకంలోకి తెచ్చింది. హెక్టారుకు 50 గ్రాముల బూజు బీజాలు (విత్తనాల్లా మొలిచే దాని పొడి) చాలు. కిటుకంతా వాటిని నీళ్లలో కాక నూనెలో కలపడంలో ఉంది. పొడిగాలిలో కూడా బీజం మిడత ఒంటికి అతుక్కుని, మొలకెత్తి, పైపెంకును తొలుచుకుని లోపలికి పోతుంది. జబ్బుపడిన మిడత చావకముందే మేత తగ్గిస్తుంది, చురుకు తగ్గి పిట్టల నోట పడుతుంది. చచ్చాక ఒళ్లు ఎర్రబారుతుంది, తేమ తగిలితే పచ్చటి బూజు కమ్ముకుంటుంది.

నైజర్‌లో రెండింటినీ పోల్చి చూశారు. ఫెనిట్రోథియాన్ కొట్టినచోట మిడతలు వెంటనే తగ్గాయి, కానీ చుట్టుపక్కలవి వచ్చి మళ్లీ నిండాయి. బూజు చల్లినచోట నెమ్మదిగా తగ్గి, ఆ తర్వాత చాలా రోజులు పెరగలేదు. గడ్డి మీద మిగిలిన బీజాలు కొత్తగా వచ్చినవాటికీ అంటుకుంటాయి మరి. పశువులు మేసే నేలకు ఇంతకన్నా ఏం కావాలి? 2020లో సోమాలియా ఎడారి మిడతల మీద దీన్నే వాడింది.

దీనికి పెద్ద అడ్డంకి ఎండ. జబ్బుపడిన మిడత ఎండ కాచుకుని ఒంటి వేడిని 40 డిగ్రీల దాకా పెంచుకుంటుంది. ఆ వేడికి బూజు ఎదుగుదల ఆగుతుంది. రాత్రుళ్లు బాగా చల్లబడినా చావు ఆలస్యమవుతుంది.

అమెరికాలో గోధుమ తవుడుకు పట్టించి చల్లే నోసెమా లోకస్టే అనే సూక్ష్మ పరాన్నజీవి కూడా ఉంది. దాన్ని మిడత తినాలి. తిన్నా అన్నీ చావవు, గుడ్లు మాత్రం తగ్గుతాయి. పచ్చిక బయళ్లకు సరే గానీ ఈ ఏటి పంటను కాపాడదు.

మన దగ్గర వేరుపురుగుకు అమ్మే మెటారైజియం సాధారణంగా అనిసోప్లియే రకం. మిడతల కోసమైతే డబ్బా మీద ‘అక్రిడం’ అని ఉందో లేదో చూసుకోండి.