హనుమకొండలో కొత్త కారు: పెట్రోల్ మేలా, ఎలక్ట్రిక్ మేలా?

కార్ల కంపెనీల పోటీలో పెద్ద పేరున్నా చాలదని మనం కళ్లారా చూశాం. 2017లో జనరల్ మోటార్స్ మన దేశంలో షెవర్లే అమ్మకాలు ఆపేసింది. 2021లో ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ మానేస్తున్నట్టు ప్రకటించింది. అందుకే షోరూముకు వెళ్లేవాళ్లు మైలేజీ కంటే ముందు అడగాల్సింది ఒకటుంది: పదేళ్ల తర్వాత ఈ బండికి పార్టులు దొరుకుతాయా?

ఆ లెక్కన మారుతిదే పైచేయి. 1983లో మారుతి 800 వచ్చినప్పటి నుంచి మెకానిక్కుల చేతులు ఆ బండ్లకు అలవాటు పడ్డాయి. ములుగులో ఆగిపోయినా చూసేవాడు దొరుకుతాడు. రేకు పలచన అని ఎన్నాళ్లో అన్నారు కానీ, 2024లో కొత్త డిజైర్‌కు, గుద్దుకుంటే లోపలివాళ్లకు ఎంత రక్షణో చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో 5 స్టార్లు వచ్చాయి. టాటా నెక్సాన్ 2018లోనే ఆ 5 స్టార్లు తెచ్చుకుంది. మారుతిని మార్చింది ఆ పోటీయే అని నేను నమ్ముతాను. హ్యుందాయ్, కియాల్లో ఫీచర్లు ఎక్కువ. కియా కార్లయితే మన తెలుగు నేల మీద, పెనుకొండ దగ్గరే తయారవుతున్నాయి.

ఇక ఎలక్ట్రిక్. చైనా కంపెనీ బీవైడీ 2025లో బ్యాటరీ కార్ల అమ్మకాల్లో టెస్లాను దాటేసింది. ఆ వేడి మనదాకా వచ్చింది: టాటాకు పోటీగా ఎంజీ కూడా ధరలు దించింది. జీఎస్టీ చిన్న పెట్రోల్ కారుకు 18 శాతం, ఎలక్ట్రిక్‌కు 5 శాతమే. పైగా 2026 డిసెంబరు 31 వరకు తెలంగాణలో ఎలక్ట్రిక్ కార్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. తొమ్మిది లక్షల పెట్రోల్ కారుకైతే 14 శాతం లెక్కన రోడ్ ట్యాక్సే లక్షా పాతిక వేలు దాటుతుంది. ఇది చిన్న తేడా కాదు.

కానీ కంపెనీ చెప్పే రేంజ్, అంటే ఒక్క చార్జింగ్‌తో వెళ్లే దూరం, రోడ్డు మీద రాదు. మే నెల ఎండలో ఏసీ వేసుకుని హైదరాబాద్ వెళ్లి, మధ్యలో చార్జింగ్ లేకుండా తిరిగి రావాలంటే దాదాపు 300 కిలోమీటర్లు. చిన్న బ్యాటరీ కారుతో అది టెన్షనే.

కాజీపేట, హనుమకొండ, వరంగల్ మధ్యే తిరుగుతూ, సొంతింట్లో పార్కింగ్ ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని ఎలక్ట్రిక్ తీసుకోవచ్చు. ఏటూరునాగారం, భూపాలపల్లి వైపు తరచూ వెళ్లేవాళ్లకు ఇప్పటికైతే పెట్రోలే. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు అడ్వాన్స్ కట్టకముందే పార్కింగ్‌లో చార్జింగ్ పాయింట్‌కు అసోసియేషన్ ఒప్పుకుంటుందో లేదో కనుక్కోండి.