దిండి, అంబాజీపేట, అమలాపురం: మేం దిగిన ఇళ్ళు

డిసెంబరు రెండో వారంలో అమ్మనీ పిల్లలిద్దరినీ తీసుకుని కోనసీమ వెళ్ళొచ్చాం. నాలుగు రాత్రుల్లో మూడు ఇళ్ళల్లో ఉన్నాం. రెండు డబ్బులిచ్చి దిగినవి, మూడోది మా పిన్ని కూతురి ఇల్లు. ఎక్కడ దిగితే బాగుంటుందని అడిగేవాళ్ళకి పనికొస్తుందని రాయడం మొదలుపెట్టాను. కానీ అక్కడ చూసింది చూశాక ఇళ్ళ అద్దెల సంగతి రాయకుండా ఉండలేకపోతున్నాను.

సికింద్రాబాదులో రాత్రి నర్సాపురం రైలెక్కితే తెల్లారి పాలకొల్లులో దిగొచ్చు. క్షీరారామంలో దర్శనం చేసుకుని, ఆటో మాట్లాడుకుని చించినాడ వంతెన దాటాం. వంతెన కింద గోదావరి పాయ వశిష్ఠ, అవతల గట్టున దిండి. నది ఒడ్డునే రిసార్టులూ, రాత్రి ఉండడానికి హౌస్‌బోట్లూ ఉన్నాయి. అయిదుగురికి రెండు గదులు తీసుకోవాలంటే మా బడ్జెట్ దాటిపోయింది. అందుకని కాస్త దూరంలో కాలువ గట్టు మీద ఒక ఇల్లు మొత్తం యాప్‌లో బుక్ చేశాం.

శనాదివారాలు కాబట్టి రాత్రికి 5,500. రెండు బెడ్‌రూములు, వంటగది, వెనక కొబ్బరి తోట. ఫోటోల్లో పెట్టినట్టే ఉంది. పొద్దున్నే అరుగు మీద కూచుంటే ఎదురుగా నిండు కాలువ, అవతల దాళ్వా (రెండో పంట) నారుమళ్ళు. అమ్మ రెండు గంటలు అక్కణ్ణుంచి లేవలేదు. వేసవిలో వెళ్ళేవాళ్ళు మాత్రం ముందే కనుక్కోండి. కాలువలు కట్టేసిన రోజుల్లో ఆ అరుగు ముందు బురదా గుర్రపుడెక్కా తప్ప ఏమీ కనిపించవు.

మొదటి రోజే గీజరు పాడైంది. ఓనరు హైదరాబాదులో ఉంటారు, ఫోనెత్తలేదు. ఇల్లు చూసుకునే అతను పక్క ఊరి నుంచి సైకిలు మీద వచ్చి, పెరట్లో పొయ్యి వెలిగించి నీళ్ళు కాచి ఇచ్చాడు. ఇలాంటివి నాలుగిళ్ళు చూసుకుంటాడట, నెలకి 7,000 జీతం. భోజనం బయట నుంచి తెప్పించుకోవాల్సిందే. వంటగదిలో స్టవ్ ఉంది గానీ గిన్నెలు లేవు.

రెండో రోజు సాయంత్రం చంటిపిల్లని భుజాన వేసుకుని ఒకావిడ గేటు తీసుకుని లోపలికొచ్చింది. "నర్సమ్మగారు ఉన్నారాండీ?" అంది. మేం అతిథులమని చెప్తే నొచ్చుకుని వెళ్ళిపోయింది. తర్వాత ఇల్లు చూసుకునే అతన్ని అడిగితే తెలిసింది. ఆ ఇంట్లో అంతకుముందు ఆరేళ్ళు అద్దెకున్నది ఆ ఊరి ఏఎన్‌ఎం, అంటే ఊళ్ళో వైద్యం చూసే ప్రభుత్వ నర్సు. నెలకి 5,000 ఇచ్చేదట. ఇల్లు అతిథులకి ఇవ్వాలనుకున్నాక ఖాళీ చేయించారు. ఊళ్ళో ఇంకో ఇల్లు దొరక్క రాజోలు వెళ్ళిపోయి, రోజూ బస్సులో వస్తోంది. డ్యూటీ టైములో ఉంటుంది, సాయంత్రం బస్సెక్కితే మళ్ళీ మర్నాడే. జ్వరమొచ్చిన పిల్లని ఎత్తుకుని అలవాటుకొద్దీ ఇంకా ఈ గేటుకే వస్తున్నారు జనం.

మేం ఒక్క రాత్రికి కట్టిన డబ్బు ఆవిడ నెల అద్దె కన్నా ఎక్కువ. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

మర్నాడు అంతర్వేది. నరసింహస్వామి దర్శనం తొందరగానే అయింది. భీష్మ ఏకాదశి కల్యాణం రోజుల్లో అయితే ఇసకేస్తే రాలదు. లైట్‌హౌసు, వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు చూశాం. పిల్లల కోసం సఖినేటిపల్లి రేవులో పంటు (నది దాటించే పెద్ద పడవ) ఎక్కి నర్సాపురం వెళ్ళి, మళ్ళీ పంటు మీదే తిరిగొచ్చాం. ఎంత హడావిడిగా ఉన్నా ఇది మానుకోవద్దు.

మూడో రాత్రి అంబాజీపేట దగ్గర ఒక మండువా లోగిలిలో ఉన్నాం. గదికి 2,200, పొద్దున టిఫిన్‌తో కలిపి. పెద్దాయన, పెద్దావిడ ఇద్దరే ఉంటారు. కొడుకులు అమెరికాలో. నాలుగు గదుల్లో రెండు అతిథులకి ఇస్తారు. పొద్దున పనసాకుల బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు, రాత్రి కందా బచ్చలి కూర. భోజనానికి విడిగా డబ్బులివ్వబోతే ఆవిడ ఒప్పుకోలేదు. ఇబ్బందులూ ఉన్నాయి. బాత్రూము పెరటి అవతల, రాత్రి అమ్మకి తోడు వెళ్ళాల్సి వచ్చింది. దోమలు ఎక్కువ. తొమ్మిదింటికల్లా వీధి తలుపు వేసేస్తారు. ఇవి సర్దుకోగలిగితే ఇంతకంటే మంచి బస నేను చూడలేదు.

"96 తుఫానుకి సగం కప్పు ఎగిరిపోయిందమ్మాయ్," అని చెప్పారావిడ. "అప్పుడేదో వేయించాం. మళ్ళీ కారడం మొదలెట్టింది. పిల్లలేమో తాళం వేసేసి హైదరాబాదులో ఫ్లాటులో ఉండమన్నారు. మీలాంటివాళ్ళు వచ్చి ఉంటున్నారు కాబట్టి ఆ డబ్బుల్తో పెంకులు మార్పించుకుని ఇక్కడే ఉన్నాం."

కాలువ గట్టు ఇల్లు, ఈ లోగిలి. రెండూ యాప్‌లో ఒకే పేజీలో, పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకదాని వల్ల ఊరికి పనికొచ్చే మనిషి ఊరొదిలి వెళ్ళింది. ఇంకోదాని వల్ల తాళం పడాల్సిన ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళు దీపం పెట్టుకుంటున్నారు. గల్ఫ్‌కి వెళ్ళినవాళ్ళవి, అమెరికాలో ఉన్నవాళ్ళవి ఇక్కడ ఖాళీ ఇళ్ళు చాలానే ఉన్నాయి. అలాంటివి అతిథులకి ఇస్తే నాకేం అభ్యంతరం లేదు. మనుషులున్న ఇల్లు ఖాళీ చేయించి ఇవ్వడం దగ్గరే నా బాధ.

నాలుగో రాత్రి అమలాపురంలో పిన్ని కూతురి ఇంట్లో. తను ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్తుంది. కొబ్బరి తోటల మధ్య డబల్ పోర్షను, అద్దె 7,500. అన్నాలు తిని కూచున్నాక చెప్పింది.

"సంక్రాంతి లోపు ఖాళీ చేయమన్నారక్కా."

"ఎందుకు? అద్దె పెంచుతానంటే ఇస్తామనలేదా?"

"పదివేలిస్తామన్నాం. అద్దెకి కాదట, రోజువారీ ఇచ్చుకుంటారట. నెలకి ఎనిమిది రోజులు మనుషులొస్తే చాలు, రోజుకి రెండున్నర వేలు. నువ్వే లెక్కేసుకో."

ఎనిమిది రోజులకి 20,000. సంక్రాంతి మూడు రోజుల సంగతి ఇక చెప్పక్కర్లేదు. కోడిపందేలకి, జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వచ్చేవాళ్ళు ఎంతడిగితే అంత ఇస్తారు. ఓనరుగారు చెడ్డవారేం కాదు. కూతురి పెళ్ళి అప్పు ఉందట. అప్పున్న మనిషిని 20,000 వదులుకుని 7,500 తీసుకోమని నేను మాత్రం ఎలా అంటాను? అలాగని మా చెల్లి పదోతరగతి పిల్లాణ్ణి పెట్టుకుని, పరీక్షలు మూడు నెలలుండగా ఇల్లు వెతుక్కోవడం న్యాయమని కూడా అనలేను.

కోనసీమలో ఇంకో ఇల్లు దొరకడం అంత సులువు కాదు. మూడు వైపులా గోదావరి పాయలు, నాలుగో వైపు సముద్రం. ఉన్న నేలంతా చేలు, కొబ్బరి తోటలు, లంకలు. ఇల్లు కట్టుకోవాలంటే మెరక కావాలి. పల్లపు చేను కొంటే లారీలతో మట్టి తోలించాలి, పునాదుల కంటే ముందు ఆ మట్టికే డబ్బంతా పోతుంది. కాబట్టి అడిగేవాళ్ళు పెరిగారని ఇళ్ళు వెంటనే పెరగవు, అద్దెలే పెరుగుతాయి. దీనంతటికీ అతిథుల ఇళ్ళే కారణమని కూడా అనను. చమురు, గ్యాస్ కంపెనీల ఉద్యోగులు వచ్చినప్పటి నుంచే రాజోలు, అమలాపురం అద్దెలు పెరుగుతూ వచ్చాయని మా బాబాయి చెప్తుంటాడు. ఇప్పుడు దాని మీద ఇదొకటి తోడైంది.

వచ్చాక దీని గురించి కొంత చదివాను. ఇళ్ళని రోజువారీ అద్దెకిచ్చే యాప్ ఎయిర్‌బీఎన్‌బీ మీద అమెరికాలో చేసిన ఒక పరిశోధన 2021లో అచ్చయింది. లిస్టింగులు, అంటే అందులో అద్దెకి పెట్టిన ఇళ్ళు, 1 శాతం పెరిగితే అద్దెలు 0.018 శాతం, ఇళ్ళ ధరలు 0.026 శాతం పెరుగుతాయని లెక్క తేల్చారు. చాలా చిన్న అంకెలే. కానీ లిస్టింగులు ఏటా వేగంగా పెరిగే చోట అది పోగుపడుతూ పోతుంది. సొంతిళ్ళలో ఓనర్లే కాపురముండే పేటల్లో ఈ ప్రభావం తక్కువని కూడా అందులోనే తేలింది. న్యూయార్క్‌లో 2023 సెప్టెంబరు నుంచి నిబంధన గట్టిగా అమలు చేస్తున్నారు. 30 రోజుల లోపు అతిథులకి ఇవ్వాలంటే ఇంటివాళ్ళు కూడా అదే ఇంట్లో ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. బార్సిలోనా ఇంకా ముందుకెళ్ళింది. 2028 నవంబరు తర్వాత 10,101 టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సులు మళ్ళీ ఇవ్వబోమని 2024లో ప్రకటించింది. మన లంక గ్రామాలకి అంత కఠినం అక్కర్లేదనుకుంటాను. న్యూయార్క్ నిబంధనలో ఇంటివాళ్ళు ఇంట్లో ఉండాలన్న ముక్క మాత్రం నాకు నచ్చింది. అంబాజీపేట లోగిలి సరిగ్గా అదే పద్ధతిలో నడుస్తోంది.

ఇక మీదట బుక్ చేసేముందు ఫోన్ చేసి, "మీరు కూడా అక్కడే ఉంటారా?" అని అడుగుతాను. లేకపోతే, అంతకుముందు ఆ ఇంట్లో ఎవరుండేవారని అడుగుతాను. రిసార్టుకో లాడ్జికో కొంచెం ఎక్కువైనా ఇస్తాను. కాలువ గట్టు ఇంటికి రాసిన రివ్యూలో గీజరు సంగతితో పాటు నర్సమ్మగారి కోసం వచ్చిన ఆవిడ సంగతి కూడా రాశాను.

మొన్న చెల్లి ఫోన్ చేసింది. ముక్తేశ్వరం వైపు ఒక పోర్షను దొరికిందట, అద్దె 9,000. కాలేజీకి, పిల్లాడి స్కూలుకి రోజూ బస్సు. ఓనరు అగ్రిమెంటులో ఇంకో మాట కూడా రాయించుకున్నారట. 2027 గోదావరి పుష్కరాలకి రెండు నెలల ముందే ఇల్లు ఖాళీ చేసి ఇవ్వాలి.